జీర్ణోద్ధారణా, కొత్త ప్రతిష్ఠా?

ఆరేడేళ్ల కిందట ఆటల కోసం కట్టించిన కంప్యూటర్ మందగించింది. కొత్త ఆట ఎక్కిస్తే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, ఫ్యాన్ రొద పెడుతుంది. ప్రాసెసర్ మార్చాలి, ర్యామ్ పెంచాలి అనుకుంటారు. జనగామ, మహబూబాబాద్ వాళ్లయితే రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోతారు. భూపాలపల్లి వాళ్లు ముందు హన్మకొండ దాకా బస్సులో రావాలి. దుకాణంలో మొదటి ప్రశ్న ‘బడ్జెట్ ఎంత?’ అని. దానికంటే ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది, అది బేరసారాలకంటే చాలా పాతది: ప్రాసెసర్, ర్యామ్ మార్చాక మిగిలేది ఆ కంప్యూటరేనా, వేరొకటా? వినడానికి పని లేనివాళ్ల తర్కంలా ఉంటుంది. కానీ దీనికి జవాబు తేల్చుకోనివాళ్లే బాగు చేయిస్తున్నామనుకుంటూ కొత్తది కొంటారు, కొత్తది కొన్నామనుకుంటూ పాతదాని జబ్బును వెంట తెచ్చుకుంటారు. నా వాదన ఇది: కొత్త ముక్క వచ్చి పాతవాటి మధ్య కూర్చోగలిగితే అది జీర్ణోద్ధారణ, కొత్త ముక్క కోసం పాతవి వరసగా లేవాల్సి వస్తే అది కొత్త ప్రతిష్ఠ. ఎన్ని ముక్కలు మారాయన్న లెక్కకు ఇందులో పెద్ద పని లేదు.

థీసియస్ ఓడలో కుళ్లిన చెక్కలు తీసి కొత్తవి వేస్తూ పోతే అది ఆ ఓడేనా అని ఏథెన్స్ తాత్వికులు వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. మనకు అంత దూరం పోయే అవసరం లేదు, జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర చాలు. పోతన భాగవతం పన్నెండు స్కంధాలు. అందులో కొన్ని శిథిలమైపోతే అయిదోది బొప్పరాజు గంగన, ఆరోది ఏర్చూరి సింగన, చివరి రెండూ వెలిగందల నారయ పూరించారు. పన్నెండింట నాలుగు, అంటే స్కంధాల లెక్కన మూడో వంతు, వేరే చేతులవి. అయినా తెలుగువాళ్లెవరూ దాన్ని నలుగురి భాగవతం అనరు, పోతన భాగవతమనే అంటారు. ఆయన రాసిందే ఎక్కువ కాబట్టి అని సులువుగా చెప్పేయొచ్చు. అది చాలదని నా అభిప్రాయం. గంగన వచ్చి అయిదో స్కంధం రాస్తే దానికోసం నాలుగోదాన్ని చెరపనక్కరలేకపోయింది. సింగన ఆరోది రాస్తే ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు కదలనక్కరలేకపోయింది. వ్యాసుడు వేసిన పీటలు అప్పటికే ఉన్నాయి, ఖాళీ అయిన పీట మీద వచ్చినవాళ్లు కూర్చున్నారు. అదే ఎవరైనా తన అయిదో స్కంధానికి పొసగడం లేదని దశమాన్ని కూడా తిరగరాసి ఉంటే, రాసింది ఎంత గొప్పగా ఉన్నా దానికి పోతన పేరు నిలిచేది కాదు. ఇంకో సంగతి. పూరించినవాళ్లు తమ స్కంధాల చివరి గద్యల్లో తమ పేర్లే చెప్పుకున్నారు, అతుకును దాచలేదు. ప్రాచీన కట్టడాల మరమ్మతు మీద 1964లో వెలువడిన వెనిస్ ఒప్పంద పత్రం కూడా ఇదే అడుగుతుంది: కొత్తగా వేసిన భాగం పాతదానితో పొసగాలి, కానీ కొత్తదని తెలియాలి. వెనిస్‌లో రాసుకోవడానికి అయిదు వందల ఏళ్ల ముందే మన కవులు దాన్ని పాటించారు.

మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు ఈ మాటను ఇంకో వైపు నుంచి రుజువు చేస్తుంది. కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించిన చెరువది; ఆ సంగతి చెప్పే బయ్యారం శాసనం కాకతీయుల వంశచరిత్రకే ముఖ్య ఆధారం. ఇలాంటి చెరువులో ఏది పాతది? నీళ్లు ఏటేటా కొత్తవే. పూడిక తీస్తే అడుగు మారుతుంది, 2015లో మొదలైన మిషన్ కాకతీయ తెలంగాణ చెరువుల్లో చేసింది అదే. కట్ట మీద మట్టి పోస్తూనే ఉంటారు, తూములు మార్చి కట్టుకుంటారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి పదార్థం ఇందులో ఎంత మిగిలిందని వెతికితే చేతికి దొరికేది స్వల్పం. కానీ ఊళ్లో రైతుకు ఆ అనుమానమే రాదు. తన మడికి నీళ్లు ఏ తూము నుంచి వస్తాయో అతనికి తెలుసు, చెరువును ఆయకట్టును బట్టి గుర్తుపడతాడు. వస్తువు గుర్తింపు దాని పదార్థంలో కాకుండా, దాన్ని ఆనుకుని ఏవేవి ఉన్నాయో వాటి క్రమంలో ఉంటుందన్నది ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది. తూము మార్చి ఆయకట్టును నిలబెట్టుకుంటే మరమ్మతు. తూము కోసం కట్టను తెంచి, కాలువ దారి మళ్లించి, కింద వేరే భూములు తడిపితే అది కొత్త చెరువే, పేరు పాతదైనా సరే.

దీన్ని ఇప్పుడు మదర్‌బోర్డు మీద పెట్టి చూద్దాం. 2018లో చాలామంది కొన్న జోడీ ఒకటుంది: రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు. ఆ బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే పీట (సాకెట్) పేరు ఏఎం4. 2017లో మొదటి రైజెన్‌తో జనంలోకి వచ్చిన ఈ పీటను రైజెన్ తయారుచేసే ఏఎండీ ఏళ్ల తరబడి మార్చలేదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 5 5600, 5800ఎక్స్3డీ కూడా దాని మీదే కూర్చుంటాయి. 2600కూ 5600కూ కోర్లు ఆరే, త్రెడ్లు పన్నెండే, రెండింటికీ చెప్పిన ఉష్ణ పరిమితి 65 వాట్లే. చెల్పూరు థర్మల్ కేంద్రం నుంచి వచ్చే కరెంటుకు పెద్దగా తేడా తెలియదు. తేడా లోపలుంది. పాతదాంట్లో మూడో అంచె క్యాషే 16 ఎంబీ, అదీ రెండు గదులుగా చీలి ఉంటుంది. ఒక గదిలోని కోరుకు పక్కగదిలోని సమాచారం కావాలంటే చుట్టు తిరిగి రావాలి. కొత్తదాంట్లో 32 ఎంబీ, ఆరు కోర్లకూ ఉమ్మడి. ఒక్కో కోరు చేసే పనీ పెరిగింది. 5800ఎక్స్3డీలోనైతే ఆ క్యాషే 96 ఎంబీ. ఆటల్లో ఫలితం బాగా కనిపించేది ఇక్కడే. బోర్డు అదే, ర్యామ్ అదే, డిస్కు అదే, గ్రాఫిక్స్ కార్డు అదే. బోర్డులోని బయోస్‌ను మాత్రం ముందుగా నవీకరించాలి, లేకపోతే బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. ఇందులో ఒక తమాషా ఉంది. చాలా పాత బోర్డుల్లో బయోస్ చిప్ 16 ఎంబీయే. కొత్త ప్రాసెసర్ల పేర్లు ఎక్కించడానికి చోటు చాలక కొన్ని బోర్డులు అతిపాత ప్రాసెసర్ల పేర్లు చెరిపేసుకున్నాయి. కొత్త కోడలి పేరు నేర్చుకునేసరికి ముసలావిడ పెద్ద కోడలి పేరు మరిచిపోయినట్టు. అంత జరిగినా ఇది జీర్ణోద్ధారణే, గంగన అయిదో స్కంధం లాంటిదే.

పక్కనే ఇంకో యంత్రం పెట్టండి: 2017 నాటి ఇంటెల్ ఐ5 7400. నాలుగు కోర్లు, నాలుగే త్రెడ్లు. దీని పీటకు 1151 కాళ్లు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఎనిమిదో తరం ప్రాసెసర్లకూ 1151 కాళ్లే. కొలత సరిపోయింది, పొందిక సరిపోలేదు. ఇంటెల్ కొత్త తరానికి 300 వరస చిప్‌సెట్ ఉన్న బోర్డే కావాలంది. ఆకారం ఒకటైనంత మాత్రాన సంబంధం ఒకటి కాదన్నదానికి ఇంతకంటే చక్కని దృష్టాంతం నైయాయికులకు కూడా దొరికి ఉండదు. ఈ యంత్రంలో ఉన్న పీట మీదే ఎక్కగలిగినవాటిలో చెప్పుకోదగ్గది ఐ7 7700, నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లు, అదీ సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవాలి. అది వద్దనుకుంటే బోర్డు లేవాలి. ఏఎండీ తరవాతి పీట ఏఎం5 ఉన్న కొత్త బోర్డు తెస్తే అది డీడీఆర్5 ర్యామ్ తప్ప తీసుకోదు, కాబట్టి పాత డీడీఆర్4 కూడా లేవాలి. పాత కూలర్ బిగింపు పొసగకపోవచ్చు. మదర్‌బోర్డు మారిందంటే విండోస్ కూడా తన లైసెన్సును మళ్లీ అడుగుతుంది. ఒక ముక్క కోసం వరసగా ఇన్ని లేచాయంటే, అదే క్యాబినెట్‌లో బిగించినా, అదే బల్ల మీద పెట్టినా, అది కొత్త కంప్యూటర్. దాన్ని ‘పాతదానికే కాస్త అప్‌గ్రేడ్’ అని ఇంట్లో చెప్పడం మొదటి అబద్ధం. తనకు తాను చెప్పుకోవడం రెండోది, ఎక్కువ ఖర్చయ్యేది.

ఏది మార్చాలన్నది ఏది జీర్ణమైందో తెలిశాక వచ్చే మాట. ఇక్కడ ఛాందోగ్యోపనిషత్తు అయిదో అధ్యాయంలోని కథ పనికొస్తుంది. మాకంటే ఎవరు గొప్ప అని వాక్కు, కన్ను, చెవి, మనసు, ప్రాణం తగవుపడతాయి. ఒక్కోటి ఒక్కో ఏడాది శరీరాన్ని విడిచిపోయి చూస్తుంది. మూగగానో గుడ్డిగానో శరీరం బతుకుతూనే ఉంటుంది. ప్రాణం లేవబోయేసరికి మిగతావన్నీ వేళ్లతో సహా కదులుతాయి, ఓటమి ఒప్పుకుంటాయి. పరీక్ష పద్ధతి అద్భుతమైనదే, కంప్యూటర్ మీద మాత్రం ఉన్నదున్నట్టు నడవదు. ప్రాసెసర్ తీస్తే ఆగుతుంది, ర్యామ్ తీసినా ఆగుతుంది, 2600 లాంటి ప్రాసెసర్‌కు సొంత గ్రాఫిక్స్ లేవు కాబట్టి కార్డు తీస్తే తెర మీద ఏమీ రాదు. అన్నీ ప్రాణాలే! కనుక పరీక్షను కొంచెం తిప్పి అడగాలి. లేకపోతే ఆగిపోయేది ఏది అని కాదు, ఉండి కూడా ఆపుతున్నది ఏది అని. చెరువు నిండుగా ఉంది, చివరి మడి ఎండింది అంటే రైతు చెరువును లోతు చేయడు, కాలువ ఎక్కడ పూడిందో నడిచి చూస్తాడు.

ఆ నడకకు తర్కశాస్త్రం పెట్టిన పేరు అన్వయ వ్యతిరేకాలు: ఒకటి ఉంటే ఫలితం ఉందా, అదొక్కటే మారితే ఫలితం మారిందా. ఆట రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించి ఆడి చూడండి, మిగతా సెట్టింగ్‌లు ముట్టుకోకుండా. ఫ్రేములు బాగా పెరిగితే అడ్డం గ్రాఫిక్స్ కార్డుది. ప్రాసెసర్ మీద డబ్బు పెట్టి లాభం లేదు. పెరగకపోతే కార్డు తీరికగానే ఉంది, అది ప్రాసెసర్ కోసమో జ్ఞాపకం కోసమో ఎదురుచూస్తోంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం ముప్పై శాతమే అని మురిసిపోకూడదు. పన్నెండు త్రెడ్లలో ఒక్కటి పూర్తిగా బిగిసిపోయినా మొత్తం లెక్కలో అది ఎనిమిది శాతంగానే కనిపిస్తుంది, ఆట మొత్తం ఆ ఒక్కదాని వెనక క్యూ కట్టి ఉండవచ్చు. సగటు మనల్ని మోసం చేసే తావు ఇదే. ర్యామ్ సంగతి ఇంకా తేలిక. 8 జీబీ నిండిపోయి డిస్కు లైటు ఆగకుండా మెరుస్తూ, ఆట సాఫీగా పోతూ పోతూ ఉన్నట్టుండి కొయ్యబారితే జబ్బు అక్కడుంది. అప్పుడు కూడా ఎంత అన్నదానితో పాటు ఎలా అన్నది చూడాలి. 3200 వేగపు డీడీఆర్4 ముక్క ఒక్కటే ఉంటే సెకనుకు 25.6 జీబీ దారి. రెండు ముక్కలు సరైన గళ్లలో, సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో గళ్లలో, పెడితే 51.2 జీబీ. 16 జీబీ ఒక్క ముక్కగా కొన్నవాడికీ, ఎనిమిది, ఎనిమిదిగా కొన్నవాడికీ చెరువు ఒకటే, తూములు వేరు. వేగం పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన రాదు, బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే అమరిక తెరవాలి. వేగం తక్కువ ముక్కను పక్కన పెడితే ఎక్కువ వేగం ముక్క కూడా దాని నడకే నడుస్తుంది. ఇవేవీ కొనకముందు చేయాల్సింది ఇంకోటుంది: దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు గీకి కొత్తది రాయడం. ఇత్తడి గిన్నెకు కళాయి పోతే గిన్నె పారేయరు. పెంబర్తి ఉన్న జిల్లావాళ్లకు ఈ మాట చెప్పనక్కరలేదు.

ఇక ఆక్షేపణలు. మొదటిది బౌద్ధులది, అన్నిటికంటే బలమైనది. మిళిందుడనే యవన రాజుతో నాగసేనుడు రథాన్ని చూపించి అడుగుతాడు: ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా? ఏదీ కాదు, అన్నీ కుప్ప వేసినా రథం కాదు, రథమన్నది వ్యవహారానికి పెట్టుకున్న పేరు. జనగామ పొరుగున ఫణిగిరి కొండ మీద స్తూపం కట్టుకున్న కాలంలో ఈ నేల మీదా ఇలాంటి చర్చలు నడిచే ఉంటాయి. పేరే అయినప్పుడు పాతదా కొత్తదా అన్న గొడవ దేనికి? నిజానికి పేర్ల విషయంలో ఈ ప్రాంతం నాగసేనుడి పక్షానే సాక్ష్యం చెప్పేట్టుంది. మానుకోట అన్నా మహబూబాబాద్ అన్నా రైలు ఆగేది ఒకే స్టేషన్‌లో: పేరు రెండు, వస్తువు ఒకటి. 2016 అక్టోబరులో ఏర్పడ్డ జయశంకర్ భూపాలపల్లి జిల్లా నుంచి 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయింది. రామప్ప గుడి, మేడారం అటు వెళ్లిపోయినా జిల్లా పేరు చెక్కుచెదరలేదు. అయితే నాగసేనుడు అక్కడితో ఆగలేదు. రాత్రంతా వెలిగిన దీపం మొదటి జాములోనూ చివరి జాములోనూ ఒకటేనా అంటే ఒకటీ కాదు, వేరూ కాదు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి పుట్టిన వరస అంటాడు. నేను చెప్పేది ఆ వరస గురించే. వ్యవహారమే అయినా వ్యవహారానికి తప్పొప్పులుంటాయి. ఏటా ఒక ముక్క చొప్పున, ప్రతిసారీ మిగిలినవి ఒప్పుకునేలా మారుస్తూ పోయి పదేళ్లలో మొత్తం మారినా ఆ కంప్యూటర్ అదే అంటాను, ఆ చెరువు అదే అయినట్టు. మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు. దాని దృష్టిలో కంప్యూటర్ అంటే దాదాపు మదర్‌బోర్డే. యంత్రంతో పాటు వచ్చిన విండోస్ లైసెన్సు బోర్డుతోనే పోతుంది. కాలిన బీ450 తీసి ఇంకో బీ450 పెట్టి, అదే ప్రాసెసర్, అదే ర్యామ్ దాని మీద బిగించినా మళ్లీ నువ్వెవరని అడుగుతుంది. అది లెక్కలు రాసుకునేవాడి సౌకర్యం, వస్తువు స్వభావం కాదు.

రెండో ఆక్షేపణ నా వాదనకు మరీ దగ్గరిది: అలాగైతే ఒక వస్తువు పాతదా కొత్తదా అన్నది తయారుచేసినవాడి వ్యాపారం తేలుస్తుంది కదా? ఇంటెల్ చిప్‌సెట్ మార్చింది కాబట్టి ఒకడి కంప్యూటర్ చచ్చిపోయింది, ఏఎండీ పీట మార్చలేదు కాబట్టి ఇంకొకడిది బతికింది, ఇందులో తత్వమేముంది? ఒప్పుకుంటాను, ఒప్పుకుని అక్కడే నిలబడతాను. పీట ఎన్నాళ్లుండాలో నిర్ణయించేవాడు వస్తువు ఆయుష్షునే నిర్ణయిస్తున్నాడు, అది సాంకేతిక వివరంలా కనిపించే నైతిక విషయం. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 కాళ్లే, మధ్యలో గాటు మాత్రం ఒకే చోట ఉండదు. వోల్టేజీ, సంకేతాలు వేరు కాబట్టి పొరపాటున దిగకుండా పెట్టిన గాటు అది. అలాంటి విరామం న్యాయమైనదే. విండోస్ 10కు సహాయం 2025 అక్టోబరు 14న ఆగింది. విండోస్ 11 జాబితాలో రైజెన్ 2600 ఉంది, ఐ5 7400 లేదు. ఆ గీత భద్రత కోసం ఎంతో, అమ్మకం కోసం ఎంతో చదువరే తూచుకోవచ్చు. ఏది నిలవాలో ముందే తేల్చుకోవడం ఎలా ఉంటుందో గుళ్లు చూపిస్తాయి. యాదగిరిగుట్టలో గుడిని పెంచి కట్టినప్పుడు 2016 నుంచి 2022 మార్చి దాకా భక్తులు బాలాలయంలో, అంటే తాత్కాలిక గుడిలో, దర్శనం చేసుకున్నారు. గోపురాలు, ప్రాకారాలు అన్నీ కొత్తవే. గుహలోని స్వయంభువును మాత్రం కదపలేదు. ఏది కదలకూడదో ముందే తేల్చుకుని మిగతాదాన్ని దాని చుట్టూ కట్టారు. హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో రాళ్లకు నంబర్లు వేసి విప్పారు, 2024 మార్చిలో గానీ తిరిగి తెరవలేకపోయారు. ప్రతి రాయినీ దాని పీట మీదికే చేర్చాలన్న పట్టుదల ఉంటే పని అలాగే ఉంటుంది. ఆ ఓపిక లేని చోట ఏమవుతుందో గణపురం కోటగుళ్లలో విడివిడిగా పడి ఉన్న శిల్పాలు చెబుతాయి.

ఆటల పెట్టెను గుళ్లతో పోల్చడం అపచారం అనేవాళ్లకు ఎక్కువ చెప్పను. దసరా నాడు ట్రాక్టరుకూ, కొలిమి సుత్తికీ, కంప్యూటర్‌కూ ఒకే కుంకుమ పెట్టే సంప్రదాయం మనది.

అంతకంటే లోతైన ఆక్షేపణ వైరాగ్యం వైపు నుంచి వస్తుంది. అసలు అడ్డం ప్రాసెసర్ కాదు, కోరిక. దాన్ని తగ్గించుకుంటే పాత యంత్రమే చాలు అని. ఇది చెప్పడానికి యయాతిని మించిన పాత్ర లేదు, పోతన తొమ్మిదో స్కంధంలోనూ ఆ కథ ఉంది. శాపంతో వచ్చిన ముసలితనాన్ని కొడుకు పూరువుకు ఇచ్చి అతని యవ్వనం తీసుకున్నాడు. మన పురాణాల్లో ఇంతకంటే పూర్తి అప్‌గ్రేడ్ ఇంకొకటి లేదు. వెయ్యేళ్లు అనుభవించి, నెయ్యి పోస్తే నిప్పు ఆరదని గ్రహించి, యవ్వనం తిరిగి ఇచ్చేశాడు. వైరాగ్యవాదులు దీన్ని మార్పుకే వ్యతిరేకమైన కథగా చదువుతారు. నాకు అలా అనిపించదు. యయాతి తప్పు శరీరం మార్చుకోవడంలో లేదు, పరీక్ష చేయకపోవడంలో ఉంది. జబ్బు శరీరంలో లేదు, ఎక్కడ చాలు అనాలో తెలియకపోవడంలో ఉంది. జీర్ణం కానిదాన్ని మార్చాడు, అందుకే వెయ్యేళ్లయినా ఫలితం మారలేదు. అదొక వ్యతిరేక పరీక్ష అనుకుంటే రుజువు కూడా దొరికినట్టే. ఆటల కంప్యూటర్‌కు చాలు అన్నమాట ఎక్కడుందో చెప్పడం యయాతికి చెప్పడంకంటే తేలిక. మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే సెకనుకు 60 బొమ్మలకు మించి అది చూపించదు. ఫ్రేములు 140 వచ్చినా కంటికి చేరేవి అంతే. ఎక్కువ ఫ్రేములుంటే మౌస్ నొక్కినదానికి స్పందన కొంచెం త్వరగా వస్తుందన్నది నిజమే, పోటీల్లో ఆడేవాళ్లకు ఆ కొంచెం విలువైనదే. మిగతావాళ్లు డబ్బు తీసేముందు తమ మానిటర్ వెనక అంటించిన కాగితం చదవాలి. కోరికను పూర్తిగా వదలమని ఎవరికీ చెప్పను. దానికి ఒక అంకె వేసుకోమంటాను.

కాబట్టి తీర్పు. ఏఎం4 బోర్డు ఉన్నవాళ్లు నిస్సంకోచంగా బాగు చేయించుకోవచ్చు: బయోస్ ముందు, ర్యామ్ జతగా, ప్రాసెసర్ తరవాత, ఒక్కోటి మార్చి ఒక్కోసారి కొలుచుకుంటూ. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీతో ర్యామ్ ధరలు ఎగబాకాయి కాబట్టి ఉన్న డీడీఆర్4ను నిలబెట్టుకునే దారికి విలువ ఇంకా పెరిగింది. ఏడో తరం ఇంటెల్ ఉన్నవాళ్లు ఐ7 7700 చవకగా దొరికితే సరి, లేదంటే కొత్తది కొంటున్నామని ఒప్పుకుని కొత్తదానిలాగే లెక్క వేసుకోవాలి. ఏది చేసినా డిస్కులో ఉన్నదంతా ముందు ఇంకో డిస్కుకు చేర్చండి, ఆగమం తెలిసినవాళ్లు బాలాలయం లేకుండా గర్భగుడి విప్పరు. థీసియస్ ఓడ మీద తాత్వికుడు హాబ్స్ 1655లో ఇంకో చిక్కు వేశాడు: తీసేసిన పాత చెక్కలన్నీ ఎవరో దాచి, వాటితోనే మళ్లీ ఓడ కడితే ఏది అసలుది? ఏథెన్స్‌లో అలా ఎవరూ దాచలేదు గానీ కంప్యూటర్ల విషయంలో ఇది ప్రతిసారీ జరిగే పనే. కొత్త ప్రతిష్ఠ చేసినప్పుడు బయటికి వచ్చేవి విడి ముక్కలు కావు. బోర్డు, దాని మీద ప్రాసెసర్, దాని పక్కన ర్యామ్, అంతా కలిసి ఉన్న పూర్తి వరస. ఒక డిస్కు, ఒక పవర్ సప్లై దొరికితే అది మళ్లీ లేస్తుంది, లినక్స్ ఎక్కిస్తే ఇంటర్ చదివే పిల్లలకు ఇంకో నాలుగేళ్లు పనిచేస్తుంది. దాన్ని అలాగే ఎవరికైనా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ర్యామ్ ముక్కలు మాత్రం పీక్కోకండి. డీడీఆర్4 ముక్క మీ కొత్త డీడీఆర్5 బోర్డులో ఎటూ దిగదు.